పాత చర్చి, కొత్త అవసరాలు: ఆస్తిని నిలకడగా వాడుకోవడానికి సంఘ పెద్దల కోసం దశలవారీ మార్గదర్శి

వందేళ్లు దాటిన చర్చి ఉన్న ఏ సంఘంలోనైనా కమిటీ మీటింగ్ ఇంచుమించు ఒకేలా సాగుతుంది. పైకప్పు కారుతోందని ఒకరు చెబుతారు. బిల్లులు పెరిగాయని ట్రెజరర్ లెక్కలు తీస్తారు. ఆదివారం సగం బెంచీలు ఖాళీగా ఉంటున్నాయని ఎవరో నెమ్మదిగా అంటారు. ఆ వెంటనే సలహాలు మొదలవుతాయి: హాల్ అద్దెకిద్దాం, సోలార్ పెట్టిద్దాం, పక్క స్థలం అమ్మేద్దాం. మూడింట్లో ఏదైనా సరైనదే కావచ్చు. కానీ ఇవి ఆఖర్న తేల్చుకోవాల్సిన విషయాలు. వీటితో మొదలుపెట్టిన సంఘాలు రెండేళ్లు గొడవపడి మళ్లీ మొదటికే వస్తాయి.

ఇక్కడ నిలకడ అంటే మూడు కలిసి జరగాలి. కట్టడం చెడిపోకూడదు, ఖర్చు సంఘాన్ని ముంచకూడదు, ఇంధనం, నీరు, నేల దుబారా కాకూడదు. వీటిలో ఒక్కదాన్నే పట్టుకుంటే మిగతా రెండూ దెబ్బతింటాయి. కింది దశల వరుస అందుకే ముఖ్యం. పాస్టర్, ట్రెజరర్, కట్టడాలు తెలిసిన ఒకరు, సంఘం బయటి నుంచి ఒకరు, ఇలా నలుగురైదుగురితో చిన్న బృందం వేసుకుని మొదలుపెట్టండి. అంతకంటే పెద్ద బృందమైతే తేదీ కుదుర్చుకోవడంతోనే నెలలు గడిచిపోతాయి.

1. ముందు కాగితాలు తీయండి

చర్చి మనదే అనుకుంటాం. కాగితాల మీద అలా ఉండకపోవచ్చు. మెథడిస్టు తరహా సంఘాల్లో ఆస్తి మొత్తం శాఖ తరఫున ట్రస్టుగా ఉంటుంది. స్థానిక సంఘం సొంతంగా అమ్మలేదు. కేథలిక్ చర్చిలో నిర్ణయం బిషప్‌ది, పెద్ద అమ్మకాలైతే ఇంకా పైకి వెళ్లాలి. ఇంగ్లండ్ చర్చి (చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ అనే శాఖ)లో ఒక బెంచీ తీసేయాలన్నా డయోసిస్, అంటే బిషప్ కింది ప్రాంతీయ పాలన నుంచి ‘ఫ్యాకల్టీ’ అనే అనుమతి కావాలి. మీ శాఖలో సంతకం ఎవరిదో మొదటి వారంలోనే రాతపూర్వకంగా తెలుసుకోండి.

తర్వాత దస్తావేజులు చదివించండి. చర్చిగా వాడినంత కాలమే అనే షరతుతో ఇచ్చిన భూములు పాత సంఘాలకు చాలా ఉంటాయి. వాడకం మారితే భూమి దాత వారసులకు తిరిగి వెళ్లిపోయే ప్రమాదం ఉంది. కానుకల నిధులదీ ఇదే కథ: ఆర్గన్ (చర్చిలో వాయించే పెద్ద వాయిద్యం) కోసం ఇచ్చిన డబ్బుతో పైకప్పు వేయించడానికి చాలా చోట్ల చట్టం ఒప్పుకోదు. పన్ను మినహాయింపు సంగతి కూడా అడగండి, అద్దెకిచ్చిన భాగానికి అది పోయే అవకాశం ఉంది. అద్దె ఎంత వస్తుందో లెక్కవేసి సంబరపడ్డాక ఈ సంగతి బయటపడితే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

వారసత్వ కట్టడంగా నమోదై ఉంటే, నమోదైంది ఏమిటో పంక్తి పంక్తి చూడండి. బయటి గోడలేనా, లోపలి చెక్కపని కూడానా, ప్రహరీ, గేటు, సమాధులు కూడానా? సమాధుల తోట ఉంటే పాత పటాలు వెతికించండి. రాళ్లు కనిపించని చోట కూడా సమాధులుంటాయి, ముఖ్యంగా గోడలకు ఆనుకుని, కొన్నిసార్లు చర్చి నేల కిందే.

2. దేన్ని ముట్టుకోకూడదో రాసుకోండి

ఆస్ట్రేలియాలో వారసత్వ కట్టడాల పరిరక్షకులు 1979లో బర్రా అనే ఊళ్లో ఆమోదించిన ‘బర్రా చార్టర్’ ఈ రంగంలో అందరూ తిరగేసే పత్రం. దాని పద్ధతి సులువైనది: ముందు ఈ చోటు ఎందుకు ముఖ్యమో అర్థం చేసుకోండి, తర్వాతే ఏం చేయాలో నిర్ణయించండి. మార్పు అవసరమైనంత మేరకే, వీలైనంత తక్కువగా.

ఆచరణలో ఇలా చేయండి. కట్టడం ప్లాన్ మీద ప్రతి గదికీ మూడు రంగుల్లో ఒకటి వేయండి: ముట్టుకోకూడనిది, జాగ్రత్తగా మార్చదగ్గది, స్వేచ్ఛగా మార్చదగ్గది. పాత చర్చిల్లో ఆల్టర్ చుట్టూ, రంగు గాజు కిటికీలు, పైకప్పు దూలాలు మొదటి రంగులో పడతాయి. పారిష్ హాల్, వంటగది, ఆఫీసు గదులు, తర్వాత జోడించిన వరండాలు మూడో రంగులోకి వస్తాయి. అసలు అవకాశాలన్నీ అక్కడే ఉన్నాయన్న సంగతి ఈ పటం చూశాకే చాలామందికి అర్థమవుతుంది. ఆరాధన స్థలాన్ని ఏం చేయాలా అని తలబద్దలు కొట్టుకునే సంఘాలు వెనకున్న మూడు గదులకు తాళం వేసి ఉంచుతాయి!

బెంచీల దగ్గర మాత్రం గొడవ తప్పదు. మధ్యయుగపు చర్చిల్లో మొదట్లో జనం చాలావరకు నిలబడే ఆరాధించేవాళ్లు, బెంచీలు తర్వాత వచ్చాయి. అంతమాత్రాన తర్వాత వచ్చినదంతా విలువ లేనిదని కాదు. ఇంగ్లండ్‌లోని బాత్ అబ్బే అనే పాత చర్చిలో విక్టోరియా కాలపు బెంచీలు తీసే విషయం చర్చి కోర్టు దాకా వెళ్లింది. కాబట్టి ‘పాతవే కదా, తీసేద్దాం’ అనీ ‘పాతవి కదా, ఉంచుదాం’ అనీ వాదించుకునే బదులు, పరిరక్షణ తెలిసిన ఆర్కిటెక్ట్‌తో రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి.

3. నీళ్ల దారి సరిచేయండి

ఈ మార్గదర్శిలో ఒక్క దశకే డబ్బుందంటే దీనికే పెట్టండి. పాత రాతి, ఇటుక కట్టడాలను చంపేది ఎక్కువగా వాన నీరే. ఆకులతో మూసుకుపోయిన ఒక్క గట్టర్ (పైకప్పు అంచున వాన నీటిని తీసుకుపోయే కాలువ) చాలు: నీరు పొర్లి గోడలోకి దిగుతుంది, దూలం చివర్లు కుళ్లుతాయి, లోపల సున్నం ఊడుతుంది, ఆర్గన్ చెక్క ఉబ్బుతుంది. చివరికి బిల్లు పైకప్పు మొత్తానికి వస్తుంది, మొదట్లో నిచ్చెనా చేతి తొడుగులూ ఉంటే సరిపోయే పనికి.

జోరువాన పడుతున్నప్పుడు గొడుగు పట్టుకుని కట్టడం చుట్టూ తిరగండి. ఎండలో ఎంత చూసినా కనిపించనివి అప్పుడు కనిపిస్తాయి: ఏ పైపు మూసుకుంది, ఏ గోడ తడుస్తోంది, కిందికొచ్చిన నీరు పునాది దగ్గర నిలుస్తోందా. ఫోటోలు తీసి తేదీ వేసి పెట్టుకోండి. ఏడాదికి కనీసం రెండుసార్లు గట్టర్లు శుభ్రం చేయించే ఒప్పందం ఎవరితోనైనా కుదుర్చుకోండి. స్వచ్ఛందంగా చేస్తామన్నవాళ్లను నమ్మి ఎత్తైన పైకప్పు ఎక్కించకండి.

గోడల సందుల్లో సిమెంటు పూయించి ఉంటే అదీ గమనించండి. పాత గోడలు సున్నంతో కట్టినవి. సున్నం మెత్తగా ఉంటుంది, గోడలోకి దిగిన తేమ దానిగుండా బయటికి ఆవిరైపోతుంది. గట్టి సిమెంటు ఆ దారి మూసేస్తుంది. తేమ రాయి గుండానే బయటికి రావాల్సి వచ్చి, రాయి ముఖం పొరలు పొరలుగా రాలుతుంది. మంచి ఉద్దేశంతో చేసిన ఇలాంటి మరమ్మతులే పాత కట్టడాలకు ఎక్కువ నష్టం చేశాయి. సిమెంటును తొందరపడి ఉలితో కొట్టించినా రాయి అంచులు విరుగుతాయి, సున్నం పని తెలిసిన మేస్త్రీతో ముందు ఒక చిన్న గోడ మీద చేయించి చూడండి.

ఇంగ్లండ్ చర్చి 1955 నుంచి ప్రతి చర్చినీ ఐదేళ్లకోసారి నిపుణులతో తనిఖీ చేయించాలనే నియమం పెట్టుకుంది. మీ శాఖలో అలాంటి నియమం లేకపోయినా ఆ అలవాటు తెచ్చుకోండి. ఆ నివేదికలో పనులను తక్షణం, రెండేళ్లలోపు, ఐదేళ్లలోపు అని విడదీసి ఇవ్వమని అడగండి. అదే మీ బడ్జెట్‌కు వెన్నెముక అవుతుంది, దాతల ముందు పెట్టడానికీ పనికొస్తుంది.

4. గంటలు లెక్కపెట్టండి

వారానికి 168 గంటలు. ప్రతి గదికీ ఒక కాగితం తీసుకుని, అందులో మనుషులున్న గంటలు ఎన్నో నెల రోజులు రాయించండి. ఆరాధన స్థలానికి వారానికి నాలుగైదు గంటలు, హాల్‌కు పదిహేను గంటలు తేలితే ఆశ్చర్యపోకండి. అదే నెలలో కరెంటు, గ్యాస్ మీటర్లు కూడా రోజూ ఒకే సమయానికి చూసి రాయండి. ఎవరూ లేని రాత్రి మీటరు ఎంత తిరుగుతోందో తెలిస్తే ఏ హీటర్, ఏ ఫ్రిజ్, ఏ లైటు ఆరట్లేదో దొరికిపోతుంది.

కొత్తగా ఒక్క ఇటుక కూడా పేర్చకుండా ఉన్న గదిలో మనుషులుండే గంటలు పెంచడం అన్నిటికంటే చవకైన మార్పు, పర్యావరణానికి కూడా మేలు చేసే మార్పు. ఒకే గోడల్ని, ఒకే పైకప్పుని మరిన్ని పనులకు పంచుతున్నాం కదా. అందుకే అద్దెల గురించీ నిర్మాణాల గురించీ మాట్లాడే ముందు ఈ కాగితాలు బల్ల మీద ఉండాలి.

5. ఇరుగుపొరుగును అడగండి, మీ ప్లాన్ చూపించకుండా

ప్లాన్ చూపించి ‘బాగుందా’ అని అడిగితే మర్యాదకు బాగుందంటారు. బదులుగా స్కూలు టీచర్లను, క్లినిక్ వాళ్లను, వృద్ధుల్ని చూసుకునే కుటుంబాలను, సంగీతం నేర్పేవాళ్లను, చిన్న సంస్థలను కలిసి ‘మీకు చోటు దొరక్క ఆగిపోయిన పని ఏమిటి’ అని అడగండి. పిల్లల సంరక్షణ, రిహార్సల్, ఆహార పంపిణీ, కౌన్సెలింగ్ గది వంటివి ఎక్కువగా వినిపిస్తాయి.

పాత ఆరాధన స్థలాల మీద పనిచేసే అమెరికా సంస్థ పార్ట్‌నర్స్ ఫర్ సేక్రెడ్ ప్లేసెస్ ఫిలడెల్ఫియా, షికాగో, ఫోర్ట్‌వర్త్ నగరాల్లోని 90 సంఘాలను పరిశీలించి 2016లో ఒక నివేదిక ఇచ్చింది. ఆ చోట్ల జరిగే సేవా కార్యక్రమాలతో లబ్ధి పొందేవారిలో 87 శాతం ఆ సంఘ సభ్యులు కారని తేలింది. మీ చర్చికీ ఇలాంటి లెక్క ఒకటి తీసి పెట్టుకోండి. నగర పాలక సంస్థ దగ్గరికీ నిధులిచ్చే ట్రస్టుల దగ్గరికీ వెళ్లినప్పుడు ‘మా చర్చిని కాపాడండి’ అనేదాని కంటే ఆ లెక్క బాగా పనిచేస్తుంది.

6. ఇంధనం: గాలిని కాదు, మనుషుల్ని చూసుకోండి

ఇంగ్లండ్ చర్చి పాలక సభ అయిన జనరల్ సైనాడ్ 2020 ఫిబ్రవరిలో 2030కల్లా నికర శూన్య కర్బన ఉద్గారాలకు చేరాలని తీర్మానించింది. అప్పటి నుంచి అక్కడి చర్చిలు నేర్చుకున్న ముఖ్యమైన పాఠం: అంత ఎత్తైన కట్టడంలో గాలి మొత్తాన్ని వేడి చేయడం దండగ. వేడి గాలి పైకప్పు కిందికి చేరి కూర్చుంటుంది, కింద భక్తులు వణుకుతూనే ఉంటారు. బెంచీ కింద హీటర్లు, వేడి దిండ్లు లాంటివి మనిషి కూర్చున్న చోటునే వెచ్చబరుస్తాయి. వేడి దేశాల్లో ఇదే సూత్రం తిరగేసి పనిచేస్తుంది: ఎత్తైన కప్పు, పై కిటికీలు, అడ్డంగా వీచే గాలి అన్నీ చల్లదనం కోసం పెట్టినవే. ముందు మూసేసిన వెంటిలేటర్లు తెరవండి, ఫ్యాన్లు పెట్టండి. ఏసీ కావాలంటే చిన్న గదులకే పరిమితం చేయండి.

వరుస ఇది: మొదట గట్టర్లు, ఎందుకంటే తడిగోడ వేడిని త్వరగా పోగొడుతుంది. తర్వాత ఎల్‌ఈడీ లైట్లు, టైమర్లు. తర్వాత హాల్ పైకప్పు కింద ఇన్సులేషన్, అంటే వేడి దాటకుండా ఆపే పొర. ఆ తర్వాతే పెద్ద యంత్రాలు. సందులన్నీ బిగించేయడం మాత్రం వద్దు, గాలి ఆడకపోతే తేమ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. ఆదివారం ఉదయం ఒక్కసారిగా వేడి పెంచడం కూడా వద్దు. గాలి హఠాత్తుగా పొడిబారితే ఆర్గన్ చెక్క కుంచించుకుని పగుళ్లిస్తుంది, శ్రుతి తప్పుతుంది.

సోలార్‌కు పాత కట్టడం పనికిరాదన్నది అపోహ. గ్లాస్టర్ కేథడ్రల్ పైకప్పు మీద 2016లో 150 ప్యానెళ్లు పెట్టారు. కేంబ్రిడ్జ్‌లోని కింగ్స్ కాలేజ్ చాపెల్ మీద 2023లో 438 అమర్చారు. సాధారణంగా పిట్టగోడ వెనక, కింది నుంచి కనిపించని వాలు మీద అనుమతి సులభం. పైకప్పు ఎలాగూ మార్చాల్సి వస్తే అదే పరంజా మీద ప్యానెళ్లు కూడా పెట్టించడం లాభం. పరంజా ఖర్చు చిన్నదేం కాదు. చర్చి పైకప్పు కుదరకపోతే హాల్ పైకప్పు చూడండి, కరెంటు ఎక్కువ వాడేది కూడా అక్కడే.

నేల కింది వేడిని వాడుకున్నవాళ్లూ ఉన్నారు. న్యూయార్క్‌లోని సెయింట్ పాట్రిక్ కేథడ్రల్ పది బావులు తవ్వించి, కొన్ని 2,200 అడుగుల లోతు దాకా, 2017లో భూతాప వ్యవస్థను నడపడం మొదలుపెట్టింది. బాత్ అబ్బే రోమన్ల కాలపు కాలువ గుండా వృథాగా నదిలోకి పోతున్న వేడి నీటి బుగ్గ నుంచి వేడి తీసుకుని తన నేలను వెచ్చబరుస్తోంది. ఆ నేల కుంగిపోతుంటే ఎలాగూ తవ్వి సరిచేయాల్సి వచ్చింది, రెండు పనులూ కలిపి చేశారు. చిన్న సంఘాలు వీటిలోంచి తీసుకోవాల్సింది ఆ కలిపి చేసుకునే తెలివినే. బావులు అందరికీ కావు.

7. వాడకం మార్గాలు: మెత్తటి దాని నుంచి గట్టి దానికి

మొదటిది పంచుకోవడం. గదిని గంటల లెక్కన ఇస్తారు, తాళాలు మీ దగ్గరే ఉంటాయి. రెండోది దీర్ఘకాలిక అద్దెదారు. ఇంగ్లండ్‌లోని హెరెఫర్డ్‌లో ఆల్ సెయింట్స్ చర్చి 1997లో లోపలే ఒక కాఫీ హోటల్ తెరిచింది, ఆరాధన కూడా ఆగలేదు. మూడోది భూమి లీజు. నేల హక్కు మీ దగ్గరే ఉంచుకుని దశాబ్దాల పాటు ఎవరినైనా కట్టుకోనివ్వడం. నాలుగోది అమ్మకం.

అమ్మకం పట్ల నాకు అనుమానమే. ఒక్కసారి వచ్చే డబ్బుతో ఏటా వచ్చే లోటు పూడ్చుకుంటూ పోతే పదేళ్లలో డబ్బూ పోతుంది, భూమీ పోతుంది. న్యూయార్క్ ట్రినిటీ చర్చికి 1705లో ఇంగ్లండ్ రాణి ఆన్ 215 ఎకరాలు ఇచ్చింది. అందులో చాలాభాగం కాలక్రమంలో చేతులు మారినా, ఉంచుకున్న కొద్ది భూమే ఇప్పటికీ ఆ సంఘానికి ప్రధాన ఆదాయం. అయినా అమ్మకమే సరైనదయ్యే సందర్భాలుంటాయి. అమెరికాలోని వర్జీనియాలో ఆర్లింగ్టన్ ప్రెస్బిటేరియన్ సంఘం తన స్థలాన్ని అందుబాటు ధరల ఇళ్ల కోసం అమ్మింది. 2019లో అక్కడ 173 ఇళ్లతో గిలియం ప్లేస్ తెరుచుకుంది, సంఘం కింది అంతస్తులో అద్దెకు ఉంటోంది. అందుకు పాత చర్చిని కూల్చాల్సి వచ్చింది. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది ఆ సంఘం దేన్ని ముందు పెట్టుకుందో దాన్నిబట్టి ఉంటుంది. అందుకే రెండో దశలో రంగులు వేసిన పటం లేకుండా ఇక్కడికి రాకూడదు.

బేరంలో షరతులు పెట్టే ధైర్యం ఉండాలి. న్యూయార్క్‌లో సెయింట్ పీటర్స్ లూథరన్ సంఘం తన స్థలాన్ని బ్యాంకుకు అమ్మేటప్పుడు అదే మూలలో తమకు విడిగా కొత్త చర్చి ఉండాలని పట్టుబట్టింది. అక్కడ 1977లో పూర్తయిన ఆ బ్యాంకు భవనం, సిటీకార్ప్, మూలల్లో కాకుండా నాలుగు పక్కల మధ్యలో స్తంభాల మీద నిలబడి ఉండటానికి కారణం అదే. మరోవైపు అదే నగరంలో సెయింట్ బార్తొలోమ్యూ చర్చి తన కమ్యూనిటీ హౌస్ చోట ఆఫీసు టవర్ కట్టాలని 1980ల్లో ప్రయత్నించింది. వారసత్వ కమిషన్ ఒప్పుకోలేదు, 1990లో అప్పీలు కోర్టు కూడా నగరం పక్షానే నిలిచింది. వారసత్వ అధికారులతో ముందే కూర్చుని మాట్లాడటం లాయర్ ఫీజు కంటే చాలా చవక.

8. అసలు ఖర్చు తెలుసుకుని రేటు పెట్టండి

చాలా చర్చిలు హాల్‌ను నష్టానికి ఇస్తున్నాయని తెలియకుండానే ఇస్తుంటాయి. హాల్‌కు ఏడాదికయ్యే కరెంటు, శుభ్రం, బీమా, కాపలా, మరమ్మతుల నిధి అన్నీ కలపండి. మీ డబ్బులో అది 6,00,000 అనుకుందాం. ఏడాదిలో 1,500 గంటలు వాడకం ఉంటే గంటకు అసలు ఖర్చు 400. సేవా సంస్థకు 200కి ఇవ్వొచ్చు, తప్పులేదు. కానీ మిగతా 200 మీరు కానుకగా ఇస్తున్నారని ఇద్దరికీ తెలియాలి, ఎవరి దగ్గర నుంచి పూడుతుందో కూడా తేలాలి. వచ్చిన అద్దెలో కొంత వాటా కట్టడం నిధికి వెళ్లాలని ముందే తీర్మానం చేయించండి. లేకపోతే జీతాల్లో కలిసిపోతుంది.

ఒప్పందంలో ఇవి తప్పనిసరి: వాడే గంటలు, శబ్దం, వంట, తాళాలు ఎవరి దగ్గర, పండుగలకూ అంత్యక్రియలకూ హాల్ మీకెప్పుడు ఖాళీగా కావాలి, బీమా ఎవరిది, ఎన్ని నెలల నోటీసుతో ముగించొచ్చు. అంత్యక్రియల షరతు మర్చిపోతే ఒక శోకంలో ఉన్న కుటుంబం ముందు జుంబా క్లాసును ఆపమని బతిమాలుకోవాల్సి వస్తుంది.

9. మళ్లీ తీసేయగలిగేలా, ముందు తాత్కాలికంగా

ఏడాది పాటు కదిలే కుర్చీలు, తెరలు, తాత్కాలిక వంట బల్లతో నడిపి చూడండి. పని చేస్తే శాశ్వతంగా మార్చండి. శాశ్వత మార్పు కూడా పాత గోడలను పట్టుకుని వేలాడకుండా తన కాళ్ల మీద నిలబడాలి. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో ఆరాధన ఎప్పుడో ఆగిపోయిన డొమినికన్ చర్చిలో 2006లో పుస్తకాల షాపు తెరిచినప్పుడు అంతస్తులుగా లేచిన ఉక్కు చట్రాన్ని విడిగా నిలబెట్టారు. రేపు అది వద్దనుకుంటే విప్పేయొచ్చు.

పనులు జరిగే కాలమే అగ్ని ప్రమాదానికి అతి పెద్ద కాలం. పారిస్‌లోని నోట్రడామ్ కేథడ్రల్ 2019 ఏప్రిల్ 15న తగలబడింది మరమ్మతుల మధ్యలోనే. వెల్డింగ్, బ్లోటార్చ్ పనులకు రాతపూర్వక అనుమతి, పని అయ్యాక గంటల తరబడి కాపలా, రోజు ముగిశాక విద్యుత్ మెయిన్ ఆపడం, బీమా సంస్థకు ముందుగా సమాచారం: ఈ నాలుగూ కాంట్రాక్టులోనే రాయించండి.

10. బయటి నేలను మర్చిపోకండి

సమాధుల తోట మొత్తాన్నీ వారం వారం గుండు కొట్టించినట్టు కోయించనక్కర్లేదు. దారులు, ఇటీవలి సమాధుల చుట్టూ చక్కగా ఉంచి, మిగతా గడ్డిని విత్తనాలు రాలాక ఏడాదికి ఒకటి రెండు సార్లు కోస్తే పూలమొక్కలూ తేనెటీగలూ తిరిగొస్తాయి. ఎందుకు కోయలేదో ఒక చిన్న బోర్డు పెట్టండి, లేదంటే నిర్లక్ష్యం అనుకుంటారు. పాత రాళ్ల మీద మచ్చల్లా పెరిగే లైకెన్లను బ్రష్‌తో రుద్దకండి, అవి చాలా నెమ్మదిగా పెరుగుతాయి, రుద్దితే రాతి మీది అక్షరాలు కూడా పోతాయి. పార్కింగ్ స్థలంలో నీరు ఇంకే రాళ్లు వేస్తే మూడో దశలో పడ్డ కష్టం కూడా కొంత తగ్గుతుంది.

11. ఆరాధన ఆగిపోయే పరిస్థితే వస్తే

అన్నీ చేశాక కూడా సంఘం మరీ చిన్నదై కొనసాగలేకపోవచ్చు. అప్పుడు కట్టడం ఏమవుతుందో మీరున్నప్పుడే నిర్ణయించండి. కేథలిక్ చర్చి చట్టం 1222వ నిబంధన అలాంటి కట్టడాన్ని లౌకిక వాడకానికి ఇవ్వొచ్చంటుంది, అయితే అది హేయమైన వాడకం కాకూడదు. మీది ఏ శాఖైనా ఈ మాటను అమ్మకం పత్రంలో షరతుగా మార్చించండి: ఏ వాడకాలు కుదరవు, కూల్చివేతకు ఎవరి అనుమతి కావాలి, సమాధుల దగ్గరికి కుటుంబాలకు దారి ఎప్పటికీ ఉంటుందా.

ఆ పత్రం మీద సంతకాలకు ముందే ఆల్టర్, గంట, పాత్రలు, రంగు గాజు, శిలాఫలకాల జాబితా ఫోటోలతో సహా తయారుచేసి, ఏది ఏ చర్చికి వెళ్తుందో రాసేయండి. బాప్తిస్మం, పెళ్లి, సమాధి రిజిస్టర్లు డయోసిస్ లేదా ప్రభుత్వ ఆర్కైవ్‌కు అప్పగించి రసీదు తీసుకోండి. పెళ్లి సర్టిఫికెట్ కోసం, తాతల వివరాల కోసం వెతుక్కుంటూ వచ్చేవాళ్లు చర్చి మూసిన తర్వాత కూడా చాలా ఏళ్లు వస్తూనే ఉంటారు. ఆ రిజిస్టర్లు ఇప్పుడెక్కడున్నాయో, ఎవరిని అడగాలో తలుపు మీద రాసి పెట్టండి.